చక్రాన్ని కూడా నొక్కొచ్చు మాస్టారూ

గుంటూరు బ్రాడీపేటలో వీధులకు పేర్లకన్నా అంకెలే ఎక్కువ. ఇటు లైన్లు, అటు అడ్డరోడ్లు. లైను అంకె, అడ్డరోడ్డు అంకె చెబితే రిక్షా అతను ఇంకో మాట అడగడు. 2001లో అలాంటి ఒక మూలమీద, కింద మందుల షాపు, పైన ట్యూషన్ సెంటరు ఉన్న మేడలో మధ్య అంతస్తు అద్దెకు తీసుకుని నెట్ సెంటర్ పెట్టాను. ఆరు సిస్టమ్‌లు, అన్నిట్లోనూ విండోస్ 98, ఒక్కోదానికి 64 ఎంబీ ర్యామ్. మధ్యలో ప్లైవుడ్ అడ్డాలు. ఆరింటికీ కలిపి ఒకే టెలిఫోను లైను, ఒకే 56కే మోడెమ్. అది డయల్ చేసినప్పుడల్లా మెట్లదాకా కీచుమని వినపడేది. కింద మందుల షాపతను ‘లేచాడ్రా మీవాడు’ అని కేకేసేవాడు. గంటకు 30 రూపాయలు, అరగంటకు 20.

రోజూ సాయంత్రం ఐదున్నరకు ఒక మాస్టారు వచ్చేవారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. కొడుకు డాలస్‌లో. మెయిల్ చూసుకోవడం, జవాబు రాయడం, నాలుగు వార్తలు చదవడం, లేవడం. మూడో సిస్టమ్ ఆయనది. వేరేవాళ్లు కూర్చుని ఉంటే బల్లమీద కూర్చుని ఎదురుచూసేవారు గాని నాలుగోదాని దగ్గరికి వెళ్లేవారు కాదు.

ఒకరోజు అక్కణ్నుంచే పిలిచారు. “అబ్బాయ్, ఈ బాణం చచ్చిపోయింది.”

వెళ్లి చూశాను. పైన ఎడమపక్క ఉండే వెనక్కి బాణం బూడిదరంగులో ఉంది. నొక్కితే కదలదు. ఆయన ఒక వార్త మీద నొక్కారు. ఆ సైటు కొత్త విండో తెరిచింది. ఆ విండో స్క్రీను మొత్తం కప్పేసింది. కొత్త విండోకి గతం లేదు కాబట్టి దాని బాణానికి ప్రాణం లేదు. పాత విండో కిందే ఉంది, టాస్క్‌బార్‌లో చిన్న పెట్టెలా నక్కి ఉంది. దాన్ని నొక్కి “ఇదిగో మాస్టారూ, మీరొచ్చిన దారి” అన్నాను.

ఆయన లెక్కల మాస్టారు కదా, తేలిగ్గా వదల్లేదు. “నేను నొక్కింది వార్త మీద. కొత్త కిటికీ తెరవమని ఎవరు చెప్పారు?”

“అదంతేనండి” అన్నాను. లెక్క తప్పిన కుర్రాణ్ని చూసినట్టు చూశారు.

ఆ ప్రశ్నకు సరైన జవాబు నాకు దొరకడానికి అయిదేళ్లు పట్టింది. వెతుకుతూ పోతే అది వెబ్ పుట్టిన నాటినుంచీ ఉన్న తగాదా అని తెలిసింది. ఒక లింకు నొక్కితే ఆ పేజీ ఎక్కడ తెరుచుకోవాలి? ఉన్నచోటేనా, పక్కనా, కొత్త కిటికీలోనా? చెప్పే హక్కు పేజీ రాసినవాడిదా, బ్రౌజర్ చేసినవాడిదా, నొక్కినవాడిదా? ముప్పై అయిదేళ్లుగా ఈ ముగ్గురి మధ్య పొలంగట్టు జరిగినట్టు జరుగుతూ వచ్చింది.

మొట్టమొదటి బ్రౌజర్‌లో ప్రతి లింకూ కొత్త కిటికీలోనే తెరుచుకునేది. జెనీవా దగ్గర సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ 1990 చివర్లో దాన్ని రాశాడు. పేరు వరల్డ్‌వైడ్‌వెబ్, మాటల మధ్య ఖాళీ లేకుండా. నడిచింది స్టీవ్ జాబ్స్ కంపెనీ చేసిన నెక్స్ట్ కంప్యూటర్ మీద. దానిది 17 అంగుళాల తెర, అడ్డంగా 1120 చుక్కలు. పదేళ్ల తరవాత నా సెంటర్లో ఉన్న 14 అంగుళాల మానిటర్లు దానిముందు పలకల్లాంటివి. అంత తెర ఉంటే కాయితాలు బల్లమీద పరుచుకున్నట్టు కిటికీలు పరుచుకోవచ్చు. లింకు మీద రెండుసార్లు నొక్కాలి, ఇంకో కాయితం వచ్చి పడేది.

అయితే నెక్స్ట్ యంత్రాలు ఎందరి దగ్గరున్నాయి? మామూలు టెర్మినళ్ల మీద కూడా నడవాలని నికోలా పెల్లో అనే విద్యార్థిని 1991లో లైన్-మోడ్ బ్రౌజర్ రాసింది. దాంట్లో మౌస్ లేదు, కిటికీ లేదు. లింకు పక్కన చదరపు బ్రాకెట్లో అంకె ఉంటుంది. వెళ్లాలంటే ఆ అంకె కొట్టి ఎంటర్ నొక్కాలి. దీని గురించి చదివినప్పుడు నాకు మా బ్రాడీపేటే గుర్తొచ్చింది. అంకె చెప్పు, దిగబెడతాను. ఎక్కడ తెరవాలన్న పేచీ అక్కడ లేదు, ఎందుకంటే ఉన్నది ఒకటే చోటు.

1993లో అమెరికా ఇల్లినాయి విశ్వవిద్యాలయంలోని ఎన్‌సీఎస్‌ఏ కేంద్రం నుంచి మొజాయిక్ వచ్చింది. మార్క్ ఆండ్రీసన్, ఎరిక్ బీనా చేశారు. బొమ్మలు అక్షరాల మధ్యే కనిపించడం దాని ఆకర్షణ. మన కథకు కావలసింది ఇంకొకటి. మొజాయిక్‌లో లింకు నొక్కితే కొత్త పేజీ అదే కిటికీలో, పాతదాని స్థానంలో వచ్చి కూర్చునేది. మాస్టారి బాణానికి అంత విలువ వచ్చింది ఇలాంటి బ్రౌజర్లతోనే. పోయిన పేజీని మళ్లీ తెచ్చేది అదే. మళ్లీ మళ్లీ వెళ్లే చోట్లు రాసిపెట్టుకోవడానికి అందులో హాట్‌లిస్ట్ ఉండేది. ఆండ్రీసన్ బృందమే తరవాత 1994 డిసెంబరులో తెచ్చిన నెట్‌స్కేప్ దాన్ని బుక్‌మార్క్ అంది. 1995లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఫేవరెట్స్ అంది. చాలా ఏళ్ల తరవాత తెలుగులోకి వచ్చిన ఫైర్‌ఫాక్స్ ఇష్టాంశాలు అంది. మా సెంటర్లో మాత్రం అందరూ అనేది ఒకటే మాట: “అన్నా, ఇది సేవ్ చేసి పెట్టు.”

ఆ సేవ్ చేయడంలో ఒక చిత్రం ఉంది. నెట్‌స్కేప్ బుక్‌మార్కులన్నిటినీ ఒకే ఫైల్లో, మామూలు వెబ్ పేజీలాగే రాసేది. కొందరు పిల్లలకు నేను ఆ ఫైలును ఫ్లాపీలో వేసి ఇచ్చేవాణ్ని. 1.44 ఎంబీ ఫ్లాపీలో మూలకు కూడా సరిపోదు అది. ఇవాళ మీ బ్రౌజర్లో బుక్‌మార్కులు ఎక్స్‌పోర్ట్ చేసి ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. క్రోమ్ అయినా ఫైర్‌ఫాక్స్ అయినా మొదటి వరుసలో నెట్‌స్కేప్-బుక్‌మార్క్-ఫైల్-1 అని ఉంటుంది. ఆ నెట్‌స్కేప్‌కు 2008 మార్చిలోనే మద్దతు ఆగిపోయింది. ఊళ్లో కరణీకం పోయాక కూడా కరణంగారిల్లు అన్న పేరు మిగిలినట్టు ఆ పేరు మిగిలింది.

హక్కు నొక్కేవాడి చేతినుంచి జారిపోయింది కూడా నెట్‌స్కేప్ రోజుల్లోనే. 1996లో వచ్చిన రెండో వెర్షన్ ఫ్రేములు తెచ్చింది. ఒక కిటికీని గదులుగా చీల్చి ఎడమపక్క విషయసూచిక, కుడిపక్క పాఠం పెట్టొచ్చు. సూచికలో నొక్కితే పాఠం కుడి గదిలో తెరుచుకోవాలి కదా, అందుకు లింకులో టార్గెట్ అనే ఒక సూచన రాసే వీలు కల్పించారు. దానికి నాలుగు ప్రత్యేక విలువలు: సెల్ఫ్, పేరెంట్, టాప్, బ్లాంక్. ముందు ఒక్కో అండర్‌స్కోర్ గీత. బ్లాంక్ అని రాస్తే కొత్త కిటికీ. అదుగో, మాస్టారి బాణాన్ని చంపింది ఆ అయిదక్షరాల ఇంగ్లిష్ మాట. వార్తల సైటు రాసినతను ప్రతి లింకుకూ దాన్ని తగిలించాడు. ఎందుకూ అంటే, పాఠకుడు బయటికి పోయినా మన పేజీ కిందనే తెరిచి ఉంటుంది, మళ్లీ మన దగ్గరికే వస్తాడు అని. కొట్టువాడు వాకిట్లో నిలబడి చెయ్యి పట్టుకున్నట్టు.

వెబ్ పేజీల వాడుకను పరిశీలించి రాసే జాకబ్ నీల్సన్ 1999లో డిజైనర్లు చేసే కొత్త తప్పుల జాబితా వేశాడు. మొదటి తప్పు వెనక్కి బాణాన్ని చెడగొట్టడం. రెండోది అడక్కుండా కొత్త విండోలు తెరవడం. ఈ రెండో పనిని ఆయన, వ్యాక్యూమ్ క్లీనర్ అమ్మడానికి వచ్చి ముందుగా మన తివాచీ మీదే బూడిద పోసేవాడితో పోల్చాడు. మా మాస్టారు ఆ వ్యాసం చదవలేదు. ఆ రెండు తప్పులనూ ఒకే సాయంత్రం మూడో సిస్టమ్ మీద తనంతట తనే కనిపెట్టారు.

హెచ్‌టీఎమ్‌ఎల్ నియమాలు రాసేవాళ్లకూ ఇది ఇబ్బందిగానే ఉంది. 1997 డిసెంబరులో వచ్చిన నాలుగో వెర్షన్ కట్టుదిట్టమైన రూపంలో టార్గెట్‌కు చోటివ్వలేదు. ఎవరు విన్నారు? జనం రాస్తూనే ఉన్నారు. హెచ్‌టీఎమ్‌ఎల్ 5లో దాన్ని మళ్లీ లోపలికి రానిచ్చారు.

బ్లాంక్‌కు తోడు జావాస్క్రిప్ట్ వచ్చాక నొక్కకపోయినా కిటికీలు తెరుచుకోవడం మొదలైంది. అవే పాపప్‌లు. ట్రైపాడ్ అనే సంస్థలో పనిచేసిన ఈథన్ జుకర్‌మన్ వాటికి కోడ్ రాసినవాళ్లలో ఒకడు. ఒక కార్ల కంపెనీ ప్రకటన అభ్యంతరకరమైన పేజీ మీద కనిపించి గొడవయిందట. ప్రకటన వేరే కిటికీలో ఉంటే ఆ పేజీకీ కంపెనీకీ సంబంధం అంటదని ఆలోచన. 2014లో ఆయన ది అట్లాంటిక్ పత్రికలో వ్యాసం రాసి క్షమాపణ చెప్పుకున్నాడు. నేను ఆ వ్యాసం చదివి, ఒంటరిగా కౌంటర్ దగ్గర కూర్చుని కాసేపు నవ్వుకున్నాను. ఎందుకంటే 2002లో ఒక సాయంత్రం నా అయిదో సిస్టమ్ మీద ఒకటి మూస్తే రెండు, రెండు మూస్తే నాలుగు లేచాయి. ఆ పిల్లవాడు భయపడి మానిటర్ స్విచ్ కట్టేసి, డబ్బులు బల్లమీద పెట్టి పారిపోయాడు.

నిజం చెప్పాలంటే కొత్త కిటికీలను మేం కూడా వాడుకున్నాం. ఆరు సిస్టమ్‌లకు ఒక మోడెమ్. అంతా సవ్యంగా ఉన్న రోజున కూడా మొత్తం మీద సెకనుకు అయిదారు కిలోబైట్లు వచ్చేవి. దాన్ని ఆరుగురు పంచుకోవాలి. ఒక పేజీ తెరుచుకునేలోగా టీ తాగి రావొచ్చు. అందుకని తెలివైన కుర్రాళ్లు షిఫ్ట్ పట్టుకుని నాలుగు లింకులు నాలుగు విండోల్లో తెరిచి పెట్టుకునేవాళ్లు. మొదటిది చదివేలోగా మిగతావి నిండుతాయి. నొక్కేవాడు తనంతట తను తెరిస్తే అదే కిటికీ వరం. వాడి తరఫున ఎవడో తెరిస్తే శాపం. నాకు ఈ తేడా నేర్పింది ఆ కుర్రాళ్లే.

దీని పరాకాష్ఠ ఎంసెట్ ఫలితాల రోజు. మెట్లమీద హాల్ టికెట్లు పట్టుకుని యాభై మంది. ఫలితాల సైట్లు మూడు నాలుగు ఉండేవి, ఏది పలుకుతుందో తెలీదు. ప్రతి సిస్టమ్ మీదా ఏడెనిమిది విండోలు తెరిచి ఉంచి, ఒక్కోదాంట్లో రిఫ్రెష్ కొడుతూ ఉండేవాణ్ని. టాస్క్‌బార్ నిండిపోయి పెట్టెల పేర్లు కనపడేవి కాదు, ఉత్త నీలం ఈ గుర్తులు వరసగా. ఎవరి ఫలితం ఏ పెట్టెలో ఉందో తెలియక ఒకమ్మాయి ర్యాంకు ఇంకొకబ్బాయికి చదివి చెప్పాను. వాడు ఎగిరి గంతేశాడు. ఆ తరవాత వాడి ముఖం ఇప్పటికీ గుర్తుంది. 64 ఎంబీ ర్యామ్ ఆ భారం మోయలేక మధ్యాహ్నానికి ఒక్కో సిస్టమే హ్యాంగ్ అయ్యేది. ఒక విండో బిగుసుకుంటే అన్నీ బిగుసుకునేవి.

ఇన్ని కిటికీలను ఒకే చట్రంలో పేర్చి, పైన ఫైళ్ల ఫోల్డర్లకు ఉండే చెవుల్లాంటివి పెడితే? అవే ట్యాబ్‌లు. ఆ ఆలోచన అప్పటికే పాతది. బుక్‌లింక్ టెక్నాలజీస్ అనే కంపెనీ 1994లోనే ఇంటర్నెట్‌వర్క్స్ అనే బ్రౌజర్లో ఆ చెవులు పెట్టింది. ఏఓఎల్ ఆ కంపెనీని కొనేసింది, బ్రౌజర్ మరుగున పడిపోయింది. నార్వేవాళ్ల ఒపెరా మొదటినుంచీ అనేక పేజీలను ఒకే పెద్ద కిటికీ లోపల పట్టేది. 1997లో ఆడమ్ స్టైల్స్ అనే ప్రోగ్రామర్ ఎక్స్‌ప్లోరర్ ఇంజిన్నే లోపల పెట్టుకుని పైన ట్యాబ్‌లు తొడిగి సిమల్‌బ్రౌజ్ అని విడుదల చేశాడు. తరవాత దాని పేరు నెట్‌కాప్టర్. నెట్‌స్కేప్ తన కోడ్‌ను బయటపెట్టాక పుట్టిన మొజిల్లాలోకి 2001 అక్టోబరులో, 0.9.5 వెర్షన్‌తో, ట్యాబ్‌లు వచ్చాయి. ఆ పని చేసినవాడు డేవ్ హయట్. అతనూ బ్లేక్ రాసూ కలిసి మొజిల్లా బరువు తగ్గించి చేసిన చిన్న బ్రౌజరు 2002 సెప్టెంబరులో ఫీనిక్స్ పేరుతో వచ్చింది. పేరు గొడవలతో 2003లో ఫైర్‌బర్డ్ అయింది, 2004 ఫిబ్రవరిలో ఫైర్‌ఫాక్స్ అయింది.

నాకు ఫైర్‌బర్డ్ ఒక కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలో దొరికింది. డౌన్‌లోడ్ చేయనక్కర్లేదు, అదే పెద్ద ఆకర్షణ. ఒకటో సిస్టమ్ మీద వేసి చూశాను. మౌస్ చక్రం దొర్లించడానికే అనుకుంటూ వచ్చాను అప్పటిదాకా. లింకు మీద పెట్టి చక్రాన్ని కిందికి నొక్కితే టక్కుమంది. అదొక మీట! పైన ఇంకో చెవి లేచింది. నేను చదువుతున్న పేజీ కదల్లేదు. కొత్తది వెనక నిశ్శబ్దంగా నిండుతోంది. ఇంకోటి నొక్కాను, ఇంకోటి. మూడూ వెనకే నిండుతున్నాయి. మొదటి పేజీ చదివి లేచేసరికి మిగతా మూడూ వడ్డించి ఉన్నాయి. ఆ మోడెమ్ మీద అంత సుఖం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాటినుంచి వచ్చినవాళ్లందరికీ చక్రం నొక్కడం నేర్పాను. 2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చేసరికి ఆరు సిస్టమ్‌లమీదా అదే. దాని ఇన్‌స్టాల్ ఫైలు అయిదు ఎంబీ లోపే. తెలుగు పాఠకులకు ఇంకో లాభం కూడా తోడైంది. ఆ రోజుల్లో తెలుగు పత్రికల సైట్లు ఎవరి ఫాంటు వారిది, ఎవరి సంకేతం వారిది. ఫాంటు లేకపోతే పేజీ నిండా పిచ్చిగీతలు. ఫైర్‌ఫాక్స్‌కు పద్మ అనే పొడిగింపు తగిలిస్తే ఆ గీతలను అక్కడికక్కడే యూనికోడ్ తెలుగులోకి మార్చేది. మాస్టారు మొదటిసారి దాన్ని చూసి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. తప్పు కళ్లజోడుది కాదని తేల్చుకోవడానికి.

ఆయనకు ‘పొద్దున’ అని ఒక బుక్‌మార్క్ ఫోల్డర్ చేసి, అందులో నాలుగు పత్రికలు పెట్టాను. ఆయన వచ్చేది సాయంత్రమే, అయినా ‘పొద్దున పేపర్లే కదోయ్’ అని ఆ పేరు ఆయనే పెట్టించారు. ఫోల్డర్ కింద అన్నీ ట్యాబ్‌లలో తెరిచే వరుస ఒకటుంది. దాన్ని నొక్కితే నాలుగూ ఒక్కసారి తెరుచుకుంటాయి. నొక్కారు. నాలుగు పత్రికలూ, వాటి బొమ్మలూ, ప్రకటనలూ ఒక్కసారిగా ఆ ఒక్క మోడెమ్ మీద పడ్డాయి. ప్లైవుడ్ అడ్డాల వెనకనుంచి వరసగా అయిదు గొంతులు: “అన్నా, నెట్ పోయింది!” 2005లో బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చేదాకా ఆ వరుస నొక్కొద్దని మాస్టారికి చెప్పాల్సి వచ్చింది.

ఇంతా చేసి ఆయన చక్రం నొక్కలేదు. నేర్పాను. “చక్రాన్ని కూడా నొక్కొచ్చు మాస్టారూ” అని పదిసార్లు చెప్పాను. తల ఊపేవారు, మామూలుగా ఎడమ మీటే నొక్కేవారు. పైన చెవులు లేస్తుంటే ఆయనకు కంగారు. బ్లాంక్ రాసిన లింకు నొక్కితే మళ్లీ కొత్తదేదో తెరుచుకుని బాణం బూడిదరంగుకు తిరిగేది. “మళ్లీ చచ్చింది” అనేవారు. ట్యాబ్ వచ్చాక కూడా ఆయన బాధ ట్యాబ్ రాకముందు బాధే.

అప్పుడే నాకు అర్థమైంది, ఆయనకు కావలసింది ఇంకో కిటికీ కాదని. ఒకటే కిటికీ, దానికి ఎప్పటికీ చావని బాణం. ఫైర్‌ఫాక్స్‌లో అడ్రసు రాసేచోట అబౌట్ కాన్ఫిగ్ అని కొడితే లోపలి మీటలన్నీ కనపడే జాబితా వస్తుంది. అందులో బ్రౌజర్.లింక్.ఓపెన్‌న్యూవిండో అని ఒక వరుస. విలువ 2 అయితే అలాంటి లింకులు కొత్త విండోలో, 3 అయితే కొత్త ట్యాబ్‌లో, 1 అయితే ఉన్నచోటే తెరుచుకుంటాయి. మూడో సిస్టమ్‌లో దాన్ని 1 చేశాను. పేజీ రాసినవాడు ఎన్ని బ్లాంక్‌లు రాసుకున్నా ఇక చెల్లవు. మర్నాడు మాస్టారు వార్త నొక్కారు, చదివారు, బాణం నొక్కారు, వెనక్కి వచ్చారు. మళ్లీ నొక్కారు, మళ్లీ వచ్చారు. నన్ను పిలిచి “ఎవరు చెప్పారో కనుక్కున్నావన్న మాట” అన్నారు. అయిదేళ్ల కిందటి ప్రశ్నను ఆయన మర్చిపోలేదు.

అప్పట్నుంచి నాకదొక పిచ్చి పట్టింది. కౌంటర్లో ఒక లాంగ్‌నోట్ పుస్తకం పెట్టి, రోజూ వచ్చేవాళ్లలో ఎవరికేం ఇష్టమో రాసుకున్నాను. ఒక మెడికల్ రిప్రజెంటేటివ్‌కు ట్యాబ్ తెరవగానే దాంట్లోకే వెళ్లిపోవాలి, వెనక నిండడం ఆయనకు నచ్చదు. ఒక బీటెక్ అమ్మాయికి సరిగ్గా దీనికి వ్యతిరేకం. బుక్‌మార్క్ విషయంలో మాత్రం అందరిదీ ఒకటే ఫిర్యాదు. బుక్‌మార్క్ మామూలుగా నొక్కితే ఉన్న ట్యాబ్‌లోనే తెరుచుకుని, చదువుతున్నదాన్ని తోసేస్తుంది. ఒకాయన సగం నింపిన అప్లికేషను అలా పోగొట్టుకుని నా మీద కేకలేశాడు. దానికి అప్పట్లో పొడిగింపులే దిక్కు. ట్యాబ్ మిక్స్ ప్లస్ అనేదాన్లో ఇలాంటి మీటలు పదులకొద్దీ ఉండేవి. ఇప్పుడు అబౌట్ కాన్ఫిగ్‌లోనే లోడ్‌బుక్‌మార్క్స్‌ఇన్‌ట్యాబ్స్ అని ఒక వరుస ఉంది. దాన్ని ట్రూ చేస్తే ప్రతి బుక్‌మార్కూ తన ట్యాబ్‌లో తనే తెరుచుకుంటుంది. ఇంత అవసరమైన మీటను మామూలు సెట్టింగుల పేజీలో కాక ఆ అటకమీద పెట్టడమే నాకు అర్థం కాదు.

2006 అక్టోబరు ట్యాబ్‌లకు పండగ నెల. అయిదేళ్లుగా ఆరో వెర్షన్ దగ్గరే కూర్చున్న ఎక్స్‌ప్లోరర్ ఏడో వెర్షన్‌తో ట్యాబ్‌లు తెచ్చుకుంది. అదే నెలలో ఫైర్‌ఫాక్స్ 2 వచ్చింది. కొత్త విండో అడిగే లింకులన్నిటినీ ఎవరూ చెప్పకుండానే ట్యాబ్‌లోకి మళ్లించింది. ప్రతి ట్యాబ్‌కూ విడిగా మూసే గుర్తు ఇచ్చింది, పొరపాటున మూసినదాన్ని మళ్లీ తెరిచే వీలు ఇచ్చింది. కంట్రోల్, షిఫ్ట్, టీ కలిపి నొక్కితే పోయినది తిరిగొస్తుందని చూపించినప్పుడు జనం ముఖాలు చూడాలి. 2008 సెప్టెంబరులో క్రోమ్ ట్యాబ్‌లను అడ్రసు పెట్టెకన్నా పైకెక్కించింది. వేర్వేరు ట్యాబ్‌లను వేర్వేరు ప్రాసెస్‌లుగా నడిపింది. ఒకటి బిగుసుకుంటే మిగతావి బతికేవి. ఎంసెట్ రోజుల్లో అదుంటే నా ఆయుష్షు కొంత మిగిలేది. కాని క్రోమ్‌లో అటకలు తక్కువ. అది పెట్టినట్టే మనం ఉండాలి.

బ్రౌజర్ చేసేవాడి చెయ్యి అలా క్రమంగా పైనవుతూ వచ్చింది. 2010 జనవరిలో ఫైర్‌ఫాక్స్ 3.6 వచ్చిన మర్నాడు బీటెక్ అమ్మాయి పరుగున వచ్చి “అంకుల్, నా ట్యాబ్‌లు చివర్న రావట్లేదు, మధ్యలో దూరుతున్నాయి” అంది. అప్పటిదాకా కొత్త ట్యాబ్ వరస చివర చేరేది. ఆ వెర్షన్‌లో, నొక్కిన పేజీ పక్కనే పుట్టడం మొదలైంది. దానికీ అటకమీద మీట ఉంది, తిప్పి ఇచ్చాను. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా పొడిగింపులన్నిటినీ ఆపేసింది. ట్యాబ్ మిక్స్ ప్లస్ ఉన్నపళంగా పోయింది. వేగం పెరిగింది, భద్రత పెరిగింది, ఒప్పుకుంటాను. అయినా ఆ రోజు నా లాంగ్‌నోట్ పుస్తకంలో సగం పేజీలు కొట్టేసుకున్నాను.

బ్లాంక్ సంగతికొస్తే, దానిలో ఇంకో దొంగతనం దాగి ఉందని తరవాత తేలింది. అలా తెరిచిన కొత్త పేజీ, తనను తెరిచిన పాత పేజీని పట్టుకుని ఇంకో చోటికి మళ్లించగలదు. మీరు తిరిగి వచ్చేసరికి బ్యాంకు పేజీ స్థానంలో దాని నకలు కూర్చుని ఉండొచ్చు. నోఓపెనర్ అనే మాట రాస్తే ఆ పట్టు తెగుతుంది. చాలామంది రాసేవారు కాదు. చివరికి బ్రౌజర్లే, రాసినా రాయకపోయినా తెంచేయడం మొదలుపెట్టాయి. ఫైర్‌ఫాక్స్ 2020లో, క్రోమ్ 2021లో. మాస్టారు మొదటి రోజే అనుమానించిన కిటికీకి ఇరవై ఏళ్లకు గడియ పడింది.

నెట్ సెంటర్ 2011లో తీసేశాను. అదే మేడలో ఇప్పుడు నాది జెరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు. మొన్న మాస్టారు వచ్చారు, ఎనభై దాటాయి. చేతిలో ఫోను. ఒక సోషల్ మీడియా యాప్‌లో ఎవరో పంపిన వ్యాసం లింకు నొక్కారట. యాప్ లోపలే అది తెరుచుకుంది. ఫోనొచ్చింది, మాట్లాడి తిరిగి చూస్తే వ్యాసం లేదు. బ్రౌజర్ తెరిచి చూస్తే అందులోనూ లేదు. యాప్ లోపల తెరిచింది బ్రౌజర్ హిస్టరీలోకి రాదు, బుక్‌మార్కుల్లోకీ రాదు. మళ్లీ ఒకటే కిటికీ, ఈసారి అది ఆయనది కాదు.

“ఎవరు చెప్పారు?” అని ఆయన అడగలేదు. నావంక చూశారంతే. ఆ యాప్ సెట్టింగుల్లో నాలుగు మెట్లు దిగితే, లింకులు బయటి బ్రౌజర్లో తెరవమనే మీట ఒకటుంది. దాన్ని తిప్పి ఫోను ఆయన చేతికిచ్చాను.

ఇచ్చి, ఆయన కూర్చోవడానికి కుర్చీ జరపబోతే కాలికి ఒక డబ్బా తగిలింది. పాత మౌస్‌లు, పారేయబుద్ధి కాక ఉంచినవి. మాస్టారు ఒకటి తీసి చూశారు. ఎడమ మీట మీద రంగంతా అరిగి నునుపు తేలింది. చక్రాన్ని వేలితో కిందికి నొక్కారు. కొత్తదానిలా టక్కుమంది.

“ఇది మూడో సిస్టమ్‌దే అయ్యుంటుంది” అన్నారు.